ఫోన్‌లో ‘వైరస్’ హెచ్చరికలు ఆగడం లేదా? ముందు ఆ ‘అలౌ’ను వెనక్కి తీసుకోండి

‘మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’. ‘మీ యాంటీవైరస్ గడువు ఈరోజుతో ముగిసింది’. ‘మీకు రివార్డు జమైంది, వెంటనే చూసుకోండి’. బ్రౌజర్ తెరవకపోయినా ఇలాంటి మెసేజ్‌లు స్క్రీన్ మీద పడుతూనే ఉంటే ఎవరికైనా కంగారే. సికింద్రాబాద్‌లో ఈ కంగారుకు అలవాటైన మందు ఒకటుంది. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే మనందరికీ తెలిసిన సీటీసీకి వెళ్లి ఫార్మాట్ చేయించుకోవడం. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఇవి ఎక్కువగా వైరస్‌లు కావు. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్‌కు మీరు ఇచ్చిన అనుమతితో వస్తున్న నోటిఫికేషన్లు. ఆ అనుమతి తీసేస్తే ఆగిపోతాయి. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

అనుమతి మనం ఎప్పుడిచ్చాం?

కొన్ని సైట్లు తెరవగానే పైన చిన్న పెట్టె వస్తుంది. ‘ఈ సైట్ నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది’ అంటూ ‘అలౌ’, ‘బ్లాక్’ అని రెండు బటన్లు చూపిస్తుంది. వార్తల సైట్లు, షాపింగ్ సైట్లు దీన్ని మామూలుగానే వాడతాయి. మోసపూరిత సైట్లు మాత్రం అడగాల్సిన మాట అడగవు. ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి’, ‘వీడియో చూడాలంటే అలౌ నొక్కండి’, ‘డౌన్‌లోడ్ మొదలవ్వాలంటే అలౌ నొక్కండి’ అంటాయి. ఇవన్నీ అబద్ధాలు. రోబో కాదని తేల్చే అసలు పరీక్షకు నోటిఫికేషన్ అనుమతితో సంబంధం లేదు.

ఒకసారి ‘అలౌ’ నొక్కితే ఆ సైట్‌కు చెందిన చిన్న ప్రోగ్రామ్ మీ బ్రౌజర్‌లో చేరుతుంది. తర్వాత ఆ సైట్ మూసేసినా, మళ్లీ ఎన్నడూ తెరవకపోయినా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. హిస్టరీ తుడిచేసినా అనుమతి పోదు. చాలామంది అక్కడే ఆగి, ఫోన్‌కు ఏదో పట్టిందని నిర్ధారించుకుంటారు.

ఎక్కువమంది ఇందులో చిక్కుకునేది తొందరలో ఉన్నప్పుడు. టెన్త్, ఇంటర్ ఫలితాల రోజు అసలు సైట్ మొరాయిస్తే సెర్చ్‌లో కనిపించిన ప్రతి లింకూ నొక్కుతాం. క్రికెట్ మ్యాచ్ ఉచితంగా చూపిస్తామనే సైట్లు, కొత్త సినిమా డౌన్‌లోడ్ సైట్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ సేవల కోసం వెతికేటప్పుడూ జాగ్రత్త కావాలి. ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం సికింద్రాబాద్ ఎస్‌డీ రోడ్డులోనే ఉన్నా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. అసలు సైట్‌ను పోలిన పేర్లతో నకిలీ సైట్లు ఉన్నాయని, అవి వివరాలు సేకరించి అదనపు ఫీజులు గుంజుతున్నాయని పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైటే హెచ్చరించింది. అసలు చిరునామా ‘పాస్‌పోర్ట్ ఇండియా డాట్ జీవోవీ డాట్ ఇన్’. చివర ‘జీవోవీ డాట్ ఇన్’ ఉంటే ప్రభుత్వ సైట్ అని నమ్మవచ్చు. అది లేనివన్నీ దొంగవని కాదు. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీ ‘కో డాట్ ఇన్’తో ముగుస్తుంది. అందుకే అలాంటి చిరునామాలను సెర్చ్‌లో వెతక్కుండా నేరుగా టైప్ చేయడం మేలు.

ఆపేదెలా?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో దగ్గరి దారి ఉంది. ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని నొక్కవద్దు, పక్కకు తోసేయవద్దు. దాని మీద వేలు కాసేపు అదిమి ఉంచండి. అది ఏ యాప్ నుంచి వచ్చిందో కనిపిస్తుంది. క్రోమ్ అని ఉంటే, దానితోపాటు ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటే మనం చెప్పుకునే సమస్య ఇదే. కొత్త వెర్షన్లలో అక్కడే ‘అన్‌సబ్‌స్క్రయిబ్’ బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే ఆ సైట్ గోల వదిలినట్టే.

అన్నింటినీ ఒకేసారి ఏరివేయాలంటే క్రోమ్ తెరిచి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కండి. సెట్టింగ్స్, ఆ తర్వాత సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. ఏయే సైట్లకు అనుమతి ఉందో జాబితా వస్తుంది. మీకు గుర్తులేని పేర్లు, అర్థంపర్థం లేని అక్షరాల పేర్లు కనిపిస్తే ఒక్కొక్కటే తెరిచి ఆపేయండి. జాబితాలో మాలాంటి వార్తా సైట్లూ ఉండొచ్చు. వద్దనుకుంటే వాటినీ తీసేయండి, మొహమాటం అక్కర్లేదు. కంప్యూటర్‌లో అయితే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద సైట్ సెట్టింగ్స్ ఉంటుంది.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో పర్మిషన్స్ దగ్గర నోటిఫికేషన్స్ చూడండి. ఎడ్జ్, శామ్‌సంగ్ ఇంటర్నెట్ వంటి వాటిలో మెనూ పేర్లు వెర్షన్‌ను బట్టి మారుతుంటాయి. సెట్టింగ్స్‌లో ‘నోటిఫికేషన్స్’ అని వెతకడమే సులువు.

ఐఫోన్‌లో కథ వేరు. హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న సైట్లే అక్కడ ఇలా నోటిఫికేషన్లు పంపగలవు, అదీ 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి. ఐఫోన్‌లో ‘వైరస్’ హెచ్చరికలు వస్తుంటే క్యాలెండర్ యాప్ చూడండి. తెలియకుండా చేరిన క్యాలెండర్ సబ్‌స్క్రిప్షన్ కావచ్చు. దాన్ని డిలీట్ చేస్తే సరిపోతుంది.

వేలు అదిమినప్పుడు బ్రౌజర్ కాకుండా వేరే యాప్ పేరు వస్తే అసలు దోషి ఆ యాప్. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఫోన్‌ను తనిఖీ చేయాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ వెబ్‌సైట్‌లో ఉచిత టూల్స్ ఉన్నాయి. ఆండ్రాయిడ్ కోసం హైదరాబాద్ సీడాక్ తయారుచేసిన ఎం-కవచ్ వాటిలో ఒకటి.

మళ్లీ రాకుండా?

అదే నోటిఫికేషన్స్ పేజీలో పైన ఒక స్విచ్ ఉంటుంది. అది ఆపేస్తే ఇకపై ఏ సైటూ అనుమతి అడగలేదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఈ పని ఇవాళే చేసిపెట్టండి. దీనివల్ల వాళ్లు కోల్పోయేదేమీ లేదు. బ్యాంకు సమాచారం ఎస్ఎంఎస్‌లో, బ్యాంకు యాప్‌లో వస్తుంది. వాట్సాప్ నోటిఫికేషన్లూ దీనితో ఆగవు.

బ్రౌజర్ కంపెనీలు కూడా కొంత సర్దుకున్నాయి. ఫైర్‌ఫాక్స్ 2020 జనవరి నుంచి, మీరు పేజీలో ఏదైనా నొక్కితే తప్ప ఆ పెట్టె చూపడం లేదు. క్రోమ్ అదే ఏడాది ఈ అభ్యర్థనల్ని నెమ్మదిగా పక్కకు చూపే పద్ధతి తెచ్చింది. దాని సేఫ్టీ చెక్ కొన్ని అనుమానాస్పద సైట్ల అనుమతులను తానే తీసేస్తుంది. అయినా ‘అలౌ’ నొక్కేది మన వేలే కాబట్టి మోసగాళ్ల పని పూర్తిగా ఆగలేదు.

నొక్కేసి ఉంటే?

నోటిఫికేషన్ కనిపించినంత మాత్రాన డబ్బు పోదు. అసలు ప్రమాదం దాన్ని నొక్కాక మొదలవుతుంది. ‘మైక్రోసాఫ్ట్ సపోర్ట్’ పేరుతో ఫోన్ నంబర్ చూపిస్తారు. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఇవ్వదు. ఆ ఒక్క గుర్తు చాలు. లేదా ఏపీకే ఫైల్ దించుకోమంటారు, ఎనీడెస్క్ వంటి రిమోట్ యాప్ పెట్టుకోమంటారు.

అలాంటిది పెట్టేసి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపండి. ఆ యాప్ తీసేయండి. మరో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేయండి, పాస్‌వర్డ్‌లు కూడా మరో ఫోన్‌లోనే మార్చండి. డబ్బు పోయి ఉంటే ఏమాత్రం ఆలస్యం లేకుండా 1930కి కాల్ చేయాలి. ‘సైబర్ క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్’లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. మోసగాళ్లు డబ్బును ఖాతాల మధ్య వేగంగా తిప్పేస్తారు. ఎంత ముందు చెబితే అంత మొత్తాన్ని దారిలో ఆపే వీలుంటుంది. సిగ్గుపడి, ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఆలస్యానికి మరో ధర కూడా ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఓటీపీ వంటివి ఖాతాదారే చెప్పేసి ఉంటే బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేశాక జరిగేది బ్యాంకు భరించాలి. కాబట్టి బ్యాంకుకు చెప్పిన సమయం, వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబర్ రెండూ రాసిపెట్టుకోండి. ఆ పాపప్ మళ్లీ కనిపిస్తే తుడిచేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. అందులోని వెబ్‌సైట్ పేరు పోలీసులకు పనికొస్తుంది.