ఫారోస్ దీవిలో కామరూపి

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది మమ్మీ ఎక్కడని. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొన్నారు. ఏడో నిజాం చేతుల మీదుగా 1930లో అది మ్యూజియానికి చేరింది. టాలమీలు ఈజిప్టును ఏలిన కాలపు యువతి దేహమది. ఆ టాలమీలే క్రీ.పూ. 280 ప్రాంతంలో అలెగ్జాండ్రియా ఎదుట ఫారోస్ దీవిలో ప్రఖ్యాతమైన దీపస్తంభం నిలబెట్టారు. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే గ్రీకులు ఆ దీవిని ఒక ముసలి సముద్ర దేవుడికి రాసిచ్చేశారు. ఆయన పేరు ప్రోటియస్.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో హోమర్ ‘ఒడిస్సీ’ దొరికితే నాలుగో సర్గ తెరవండి. ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొస్తున్న గ్రీకు రాజు మెనెలాస్ గాలి లేక ఇరవై రోజులు ఫారోస్‌లో చిక్కుబడ్డాడు. తిండి అడుగంటింది. ప్రోటియస్‌ను పట్టుకుని దారి అడగమని ఉపాయం చెప్పింది ఆ దేవుడి సొంత కూతురు ఐడోథియా. ఆ దేవుడు మిట్టమధ్యాహ్నం ఒడ్డుకొచ్చి, తన సీల్ మందను ఐదేసి చొప్పున లెక్కపెట్టుకుని, వాటి మధ్యే కునుకు తీస్తాడు. మెనెలాస్, ముగ్గురు అనుచరులు పచ్చి సీల్ తోళ్లు కప్పుకుని మందలో నక్కారు. కంపుకు ప్రాణం పోతుంటే ఐడోథియా వాళ్ల ముక్కుల కింద అమృతం పెట్టింది. వీరుల కష్టాల్లో కంపునూ లెక్కేసిన కవి హోమర్!

పట్టుకోగానే ప్రోటియస్ సింహమయ్యాడు, పామయ్యాడు, చిరుత, అడవిపంది, చివరికి పారే నీరు, పెద్ద చెట్టు. వాళ్లు పట్టు వదల్లేదు. అప్పుడు నోరు విప్పాడు: నీ అన్న అగమెమ్నాన్ హతమయ్యాడు, ఒడిస్యూస్ కాలిప్సో దీవిలో ఏడుస్తున్నాడు, నీకు మాత్రం చావు లేదు. మరో సముద్ర వృద్ధుడు నీరియస్‌దీ ఇదే తంతు. హెర్క్యులిస్ బిగించి పట్టాకే బంగారు యాపిల్ తోటకు దారి చెప్పాడు. మన మారీచుడు లేడి అయింది మోసం చేయడానికి. వీళ్లు రూపం మార్చేది తెలిసింది చెప్పకుండా తప్పించుకోవడానికి.

చరిత్రకారుడు హెరోడొటస్ వచ్చేసరికి ప్రోటియస్ మెంఫిస్ రాజైపోయాడు. మెనెలాస్ భార్య హెలెన్ ట్రాయ్‌కి వెళ్లనే లేదని, యుద్ధకాలమంతా ఆయన దగ్గరే ఉందని ఈజిప్టు పూజారులు చెప్పారట. క్రీ.పూ. 412లో యూరిపిడిస్ ‘హెలెన్’ నాటకంలో ట్రాయ్ చేరింది ఆమె ఛాయ మాత్రమే. అధ్యాత్మ రామాయణంలో మాయాసీత గురించి విన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు. యూరిపిడిస్ నాటకంలో ప్రోటియస్ అప్పటికే కన్నుమూసిన రాజు. హెలెన్ ఆయన సమాధిని ఆశ్రయించి కూర్చుంటుంది, ఆయన కొడుకేమో పెళ్లాడమని వెంటపడుతుంటాడు.