రెండోసారి అమ్ముడుపోయిన కొట్టు

మీ శీతల గిడ్డంగులు అద్దెకిస్తారా అని అడిగారు. దాచాల్సింది కూరగాయలు కాదు, పందుల కళేబరాలు. ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు.

1997లో నెదర్లాండ్స్‌ను పందుల జ్వరం కుదిపేసింది. రోగం సోకినవీ సోకనివీ కలిపి దాదాపు కోటి పందులను చంపేశారు. ఆ రోజుల్లోనే యాప్ కోర్టెవెగ్ అనే రైతు గడపలోకి ఈ ప్రశ్న వచ్చింది. తొమ్మిది తరాల సేద్యం వాళ్ళది. మాంసమంటే ఆయనకు ప్రాణం. గిడ్డంగి నిండా పేర్చిన ఆ కళేబరాలను ఊహించుకుని ఉంటాడు. మాంసం మానేశాడు.

మనసు మానింది గానీ నాలుక మానలేదు. రుచి కావాలి, చంపడం వద్దు. లూపిన్ గింజలతో, సోయాతో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. మిత్రుడు నీకో కోఫ్‌మాన్, వంటమాస్టరు పాల్ బోమ్ తోడయ్యారు. 2010 అక్టోబరు 4న, ప్రపంచ జంతు దినోత్సవం నాడు, ది హేగ్ నగరంలో కొట్టు తెరిచారు. దాని పేరు ‘వెజిటేరియన్ బుచర్’, అంటే శాకాహార కసాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద కసాయిని అవుతానని కోర్టెవెగ్ చెప్పుకునేవాడు. వేళాకోళానికి అన్న మాట కాదది. తన సరుకు మాంసం తినేవాళ్ళ పళ్ళెంలోకే వెళ్ళాలన్నది ఆయన పట్టుదల.

జనం నమ్మారు. బ్రెడా నగరంలో ఫ్యాక్టరీ కట్టడానికి 2015లో బాండ్లు అమ్మితే 25 లక్షల యూరోలు వచ్చాయి. 2018 నాటికి 17 దేశాల్లో 4,000 దుకాణాలకు సరుకు చేరుతోంది.

ఆ ఏడాది డిసెంబరులో యూనిలీవర్‌కు అమ్మేశాడు. మన ఇళ్ళలో లక్స్ సబ్బు, సర్ఫ్ పొడి వాళ్ళవే. నెదర్లాండ్స్‌లో మాత్రం ఆ పేరు చెబితే ఉనాక్స్ సాసేజ్ కూడా గుర్తొచ్చేది. అది అసలు మాంసం.

ఆ సంతకం ఆ ఇంట్లో ఎంత బరువై ఉంటుందో ఆలోచించండి. అప్పట్లో కోర్టెవెగ్ భార్య మరియానె తీమె ‘జంతువుల కోసం పార్టీ’ స్థాపకుల్లో ఒకరు. 2006లో ఆ పార్టీ రెండు సీట్లు గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టింది. కోఫ్‌మాన్ అప్పుడు అదే పార్టీ సెనేటర్. వాళ్ళ వంటింట్లో పుట్టిన సరుకు, మాంసం అమ్మే కంపెనీ చేతికి!

నేనైతే ఆ సంతకాన్ని తప్పు పట్టను. మాంసం మానేసినవాళ్ళకే అమ్ముకుంటూ కూర్చుంటే ఏ పందీ బతకదు. రోజూ తినేవాడి దగ్గరకు వెళ్ళాలంటే పెద్ద కంపెనీ లారీలు కావాలి. ఆ లారీలు నిజంగానే కదిలాయి. 2019 నవంబరులో యూరప్‌లోని బర్గర్ కింగ్ దుకాణాల్లో ‘రెబెల్ వాపర్’ వచ్చింది. అందులోని ప్యాటీ వీళ్ళదే. అయితే దాన్ని బీఫ్ కాల్చే మంట మీదే కాల్చారు, పైన గుడ్డు మయోనైజ్ వేశారు. దాన్ని పూర్తిగా మొక్కలదే అన్నట్టు చూపారని 2020లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ ఆ ప్రకటనలను నిషేధించింది. ఈ మాత్రం రాజీనైనా నేను ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది ఆ తర్వాత జరిగింది.

2025 మార్చిలో యూనిలీవర్ ఒక ప్రకటన చేసింది. వెజిటేరియన్ బుచర్‌ను వివెరాకు అమ్ముతున్నామంది. వివెరా కూడా డచ్ శాకాహార సంస్థే కదా అనిపిస్తుంది. కానీ దాని యజమాని జేబీఎస్. 2021లో 34 కోట్ల యూరోలకు పైగా పెట్టి కొనుక్కుంది. 1953లో బ్రెజిల్‌లోని అనాపొలిస్‌లో చిన్న మాంసం కొట్టుగా మొదలై, ఇవాళ ప్రపంచంలోనే అతిపెద్ద మాంసం కంపెనీ అయింది. ప్రపంచంలోకెల్లా పెద్ద కసాయి అంటే అదే.

ప్యాకెట్‌లో సరుకు మారదు, నిజమే. ఆ శాకాహార సాసేజ్ కోసం ఒక్క జంతువూ చావదు. మారేదల్లా దాని లాభం చేరే గల్లాపెట్టె. జంతువులను చంపే వ్యాపారానికి పైసా ఇవ్వనని ఒట్టు పెట్టుకుని ఆ ప్యాకెట్ కొన్నవాళ్ళున్నారు. 2010లో ది హేగ్ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళున్నారు, బాండ్లు కొన్నవాళ్ళున్నారు. ఈ రెండో అమ్మకంలో వాళ్ళను అడిగినవారు లేరు. అమ్మేసిన కోర్టెవెగ్‌కూ అడ్డుచెప్పే హక్కు మిగల్లేదు. మొదటి కొనుగోలుదారును ఆయన ఎంచుకోగలిగాడు. రెండోవాణ్ణి ఎంచుకున్నది యూనిలీవర్.

కోర్టెవెగ్ మాత్రం ఆగలేదు. 2019లోనే కోఫ్‌మాన్‌తో కలిసి మరో సంస్థ పెట్టాడు. ఆవుతో పనిలేకుండా, సూక్ష్మజీవులతో పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ తయారుచేసి చీజ్ చేయాలని చూస్తున్నారు. ఫలిస్తే దానికోసమూ పెద్ద కంపెనీలు వస్తాయి. ఆయనకూ, ఇలాంటి చిన్న సంస్థలు నడుపుతున్న ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఒక్కటే: ధర రాసుకునే కాగితం మీదే, మళ్ళీ ఎవరికి అమ్మకూడదో ఆ పేర్లు కూడా రాయించుకోండి.