అణుశక్తీ, లేతు యంత్రమూ

సైదాబాదు నుంచి సంతోష్‌నగర్ మీదుగా కంచన్‌బాగ్ వెళ్లే దారి పాతబస్తీ వాళ్లకు కొత్తది కాదు. ఆ దారిన పోతే 1973లో ప్రభుత్వం స్థాపించిన మిశ్రధాతు నిగమ్ వస్తుంది. జనం దాన్ని మిధాని అంటారు. టైటేనియమూ, నికెల్ మిశ్రమాలూ, ప్రత్యేకమైన ఉక్కులూ అక్కడ తయారవుతాయి. అవి రాకెట్లకూ పోతాయి, ఆయుధాలకూ పోతాయి, అణు విద్యుత్ కేంద్రాలకూ పోతాయి. హైదరాబాదు చరిత్ర అనగానే నవాబులూ, దేవిడీలూ, ముత్యాలూ అని రాసుకుంటూ వచ్చాం గాని, ఆ ప్రహరీగోడ వెనుక జరిగే పనికి మన చరిత్ర రచనలో దక్కిన చోటు చాలా తక్కువ.

యిప్పుడు అణుశక్తి మాట మళ్లీ పైకి వచ్చింది. 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో కేంద్రం చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్లు ప్రకటించి, 2033 నాటికి కనీసం అయిదింటిని నడిపిస్తామన్నది. ఆ డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసి ప్రైవేటు పెట్టుబడికి తలుపు తీసింది. ప్రభుత్వం యిన్నాళ్లూ దారి మూసిపెట్టింది కనుక యువకుల సృజన వృథా అయిందనీ, యికమీదట కొత్త ఆలోచనలతో కొత్త వ్యాపారాలు పుట్టుకొస్తాయనీ వినిపిస్తున్నది. దీంట్లో సగం నిజం. 1962 నాటి చట్టం రియాక్టరు నడిపే హక్కును ప్రభుత్వానికే వుంచిన మాట వాస్తవమే. కాని యువకులు రాలేదనడం చరిత్ర కాదు. వచ్చారు. యీ నగరంలోనే, యాభైయేళ్లకు పైబడే అయింది. వాళ్లు యే తలుపున వచ్చారో చూడాలి.

1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణ పరికరాల పని చేసిన బృందానికి నాయకుడు మన అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువాడు, 1914లో పుట్టినవాడు. పరికరాలను విదేశాల నుంచి కొనడం కంటె యిక్కడే చేసుకోవాలన్న పట్టుదలలోంచి 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ పుట్టింది. ప్రయోగశాలలో పుట్టిన ఆలోచనను సరుకుగా మార్చి అమ్మడమే వ్యాపార సృజన అయితే అంతకంటె మంచి వుదాహరణ మన దేశంలో వెతకనక్కరలేదు. రియాక్టరు మీటర్లు చేసిన సంస్థే కంప్యూటర్లు చేసింది, మన యిళ్లకు టెలివిజన్ పెట్టెలూ పంపింది. అయితే దాని మూలధనం ప్రజలది.

తర్వాత 1971లో అణు ఇంధన సముదాయం వచ్చింది. జాదుగూడ యురేనియమూ, సముద్రతీరపు యిసుకలోంచి తీసిన జిర్కోనియమూ యిక్కడ కలుసుకుంటాయి. 220 మెగావాట్ల భారజల రియాక్టరుకు పీడన గొట్టాలు 306, వొక్కొక్క దానిలో 12 ఇంధనపు కట్టలు, మొత్తం 3,672. వొక్కొక్క కట్టలో 19 సన్నని గొట్టాలు. వొక్క గొట్టానికి చివర వేసిన అతుకు చెడితే, ఆ గొట్టంలోని విషం నీళ్లలోకి వస్తుంది. యింతటి పని చేతికి వచ్చిన వెల్డరును తయారుచేయడానికి యేళ్లు పడుతుందన్న సంగతి మన ఆర్థికశాస్త్రజ్ఞులు యే పద్దు కింద రాస్తారో నాకు తెలియదు.

ఈ వాతావరణంలోనే 1970లో పి. రవీంద్రారెడ్డి, కె. సత్యనారాయణరెడ్డి, పి. జయప్రకాశ్ రెడ్డి కలిసి బాలానగర్‌లో వొక వర్క్‌షాపు పెట్టారు. హెచ్.ఎం.టి.లో పని నేర్చి బయటికి వచ్చినవాళ్లు. యీనాడు ఎంటార్ అని పిలిచే ఆ సంస్థ పూర్తి పేరు 'మెషిన్ టూల్స్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్'. పేరులోనే దాని పుట్టుక వున్నది: యంత్రాలకు కావలసిన సామగ్రి, అరిగిన యంత్రాలను బాగుచేయడం. ప్రపంచాన్ని మార్చేస్తామని చాటింపు వేసుకుని వచ్చినవాళ్లు కారు. చేతిలో వున్న విద్య మైక్రాన్ల లెక్కలో లోహాన్ని కోయడం. ఆ విద్య కావలసినవాడి కోసం వెతికారు.

కావలసినవాడిని చరిత్రే చూపించింది. 1974 మేలో పోఖరాన్‌లో మన ప్రభుత్వం అణుపరీక్ష జరిపింది. కెనడా తన సహకారం వుపసంహరించుకున్నది. రాజస్థాన్‌లో రెండవ రియాక్టరు సగంలో వుండిపోయి, దాన్ని మనవాళ్లే పూర్తిచేసి వాణిజ్యస్థాయిలో నడిపేసరికి 1981 ఏప్రిల్ అయింది. పరికరం కొనుక్కుందామంటే అమ్మేవాడు లేడు. అప్పుడు అణుశక్తి శాఖ దేశంలోని వర్క్‌షాపుల గడప తొక్కింది. ఎంటార్ వంటి సంస్థలు శీతలీకరణ గొట్టాల భాగాలూ, ఇంధనం నింపే యంత్రపు తలలూ చేయడం యీ నిర్బంధ యుగపు ఫలితం. ఆ యంత్రపు తల సంగతి చెప్పాలి. భారజల రియాక్టరును ఆపకుండానే ఇంధనం మారుస్తారు. గొట్టానికి రెండు కొసలా రెండు తలలు పట్టుకుంటాయి. వొకటి కొత్త కట్టను నెడుతుంది, రెండవది వాడిన కట్టను అందుకుంటుంది. లోపల దాదాపు 300 డిగ్రీల వేడి, గొప్ప వొత్తిడి. మనిషి దగ్గరికి పోరాదు. బొట్టు కారకూడదు. దీన్ని గీసిన కాగితం ట్రాంబేది కావచ్చు. చేసిన చేతులు టర్నర్లవీ, ఫిట్టర్లవీ. వాళ్ల పేర్లు యే శిలాఫలకం మీదా లేవు.

కనుక ప్రభుత్వం అడ్డుపడితే వ్యాపారం ఆగిపోయిందన్న వాదం యిక్కడ తలకిందులవుతున్నది. పని నేర్పింది ప్రభుత్వ కర్మాగారం, నమూనా యిచ్చింది ప్రభుత్వ ప్రయోగశాల, కొన్నదీ ప్రభుత్వమే. యువకులు పెట్టింది తమ నేర్పూ, సాహసమూ. అవి చిన్నవని నేననడం లేదు. సొంతంగా పుట్టాయనడం మాత్రం తప్పు.

యీ యేర్పాటులో వొక పెద్ద లోపం కూడా వున్నది. దాన్ని మన అభ్యుదయవాదులు చూసీచూడనట్టు పోతారు. కొనేవాడు వొక్కడే అయినప్పుడు వాడి బద్ధకమే నీ కరువు. కైగా నాల్గవ రియాక్టరు 2011 జనవరిలో విద్యుత్ వలయానికి కలిసింది. ఆ తర్వాత స్వదేశీ భారజల రియాక్టరు మళ్లీ కలిసింది 2021 జనవరిలో, కాక్రపార్‌లో. నడుమ పదేళ్లు! 2017లో వొకేసారి పది రియాక్టర్లకు మంత్రివర్గం అనుమతి యిచ్చింది గాని, కాగితం మీది రియాక్టరుతో నెల జీతాలు యివ్వలేరు. 2021 మార్చిలో ఎంటార్ వాటాలు బజారులోకి వచ్చేనాటికి దాని ఆదాయంలో పెద్ద భాగం బ్లూమ్ ఎనర్జీ అనే అమెరికా కంపెనీకి చేసే ఇంధన ఘటాల సామగ్రి నుంచి వస్తున్నది. అణుశక్తి కోసం పెంచుకున్న నేర్పు పరదేశపు ఆర్డరు మీద బతికింది. దానికి వర్క్‌షాపును తప్పుపట్టలేం.

యీనాటి యువకుల ఆలోచనలు మరో దారి పట్టాయి. 2024లో హైదరాబాదులోని హైలెనర్ అనే కంపెనీ తక్కువ శక్తి అణుచర్యతో వేడి పుట్టిస్తామని ప్రదర్శన జరిపింది. 1989లో అమెరికాలోని యూటాలో యిద్దరు రసాయన శాస్త్రజ్ఞులు యిటువంటిదే ప్రకటించినప్పుడు, యితర ప్రయోగశాలలు దాన్ని నమ్మకంగా తిరిగి చూపలేకపోయాయి. విజ్ఞానలోకం యింతవరకూ ఆమోదించలేదు. ప్రయత్నించవద్దని యెవరూ అనరు. కాని బాలానగర్ వర్క్‌షాపులో కొలత ముందు, మాట తర్వాత. సరుకు మైక్రోమీటరు దగ్గర తప్పితే తిరిగి వచ్చేది.

మిగిలింది బాధ్యత సంగతి. భోపాల్ 1984ను తలుచుకుని 2010 నాటి చట్టంలో వొక నిబంధన పెట్టారు: ప్రమాదానికి లోపపు సరుకు కారణమైతే, నడిపే సంస్థ సరఫరాదారు నుంచి పరిహారం రాబట్టవచ్చు. 2025 చట్టం దాన్ని తీసివేసింది. చిన్న వర్క్‌షాపు యజమానికి దీనివల్ల గుండె బరువు దిగిందన్న మాట నిజమే. వొక రియాక్టరు నష్టం అతని వంశం మొత్తం తీర్చలేదు. అదే వాక్యం కింద విదేశీ మహాకంపెనీ కూడా దాక్కున్నది. యిద్దరినీ వేరుచేసి చూసే చట్టం రాయడం అసాధ్యమేమీ కాదు. యిక ఇంధనం పుట్టేచోట, కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్లు చెడిపోతున్నాయని ఫిర్యాదు చేస్తూ వచ్చారు. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని జనం లేచి నిలబడితే, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేయవలసి వచ్చింది. కొత్త వ్యాపారాల పెట్టుబడి లెక్కల్లో ఆ బోరునీళ్ల ఖర్చు యే వరసలోనూ కనిపించడం లేదు.