పన్ను తీసిన గాయం

పన్ను తీసినప్పుడు దవడ ఎముకలో దాని వేరు ఉన్న చోట ఒక గుంట మిగులుతుంది. ఈ గుంట, చుట్టూ ఉన్న చిగురు కలిసి పన్ను తీసిన గాయం అవుతాయి. చిగురు నొప్పి మొదటి ఒకటి రెండు రోజులు హెచ్చుగా ఉండి, ఆపైన తగ్గుతూ వస్తుంది. తగ్గవలసిన నొప్పి రెండు నుండి నాలుగు రోజుల మధ్య తిరిగి పెరిగితే అది మామూలు నొప్పి కాదు.

== మానే విధము ==
పన్ను తీయగానే గుంట రక్తంతో నిండి, ఆ రక్తం గడ్డకడుతుంది. వైద్యులు గాజుగుడ్డను మడిచి అరగంట సేపు కొరికి పట్టుకొమ్మనేది ఇందుకే. ఈ గడ్డ ఎముకకు కప్పుగా పనిచేస్తుంది. సుమారు వారం రోజులలో దాని స్థానంలో కొత్త రక్తనాళాలతో కూడిన లేత కణజాలం ఏర్పడుతుంది. ఈ దశలో గాయంపై తెల్లగా లేక లేత పసుపుగా కనిపించే పొరను చాలామంది చీము అనుకొని గీకివేస్తుంటారు. అది గాయం మానే క్రమంలో ఏర్పడే పొర మాత్రమే. మూడు నాలుగు వారాలకు చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది.

== డ్రై సాకెట్ ==
రక్తపు గడ్డ ముందుగానే కరిగిపోయినా, ఊడిపోయినా ఎముక బయటపడుతుంది. దీనిని డ్రై సాకెట్ అంటారు. అమెరికా దంతవైద్యుడు జె.వై.క్రాఫర్డ్ 1896లో దీనిని వర్ణించాడు. నొప్పి చెవి వరకు పాకుతుంది, నోటి దుర్వాసన ఉంటుంది. ప్రక్క పన్ను చెడిందనో, వైద్యుడు వేరు ముక్క వదిలేశాడనో రోగి అనుమానపడడం పరిపాటి. కింది దవడ జ్ఞానదంతాలు తీసినప్పుడు ఇది ఎక్కువ. పొగ త్రాగేవారిలోను, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలోను అవకాశం హెచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా ఒకటే.

వైద్యుడు గుంటను సెలైనుతో కడిగి, మందు పూసిన గుడ్డ పెడతాడు. ఆ మందులో తరచుగా ఉండే యూజినాల్ లవంగ నూనెలోని ముఖ్య పదార్థమే. అలాగని ఇంట్లో లవంగ నూనెను నేరుగా గుంటలో పోస్తే చిగురు కాలుతుంది. జ్వరం లేనప్పుడు యాంటీబయాటిక్ మాత్రలతో సాధారణంగా పనిలేదు.

== జాగ్రత్తలు ==
మొదటి 24 గంటలు పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, పొగ త్రాగడం కూడదు. తరువాత గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చు. ఒత్తి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. మింగడం లేక ఊపిరి తీసుకోవడం కష్టమైతే తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి చేరాలి.