వర్చువల్ కంప్యూటర్ ల్యాబ్

కాలేజీ ల్యాబ్‌లోని ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థి తన సొంత కంప్యూటర్ నుంచే వాడుకునేలా విద్యాసంస్థ చేసే ఏర్పాటును వర్చువల్ కంప్యూటర్ ల్యాబ్ అంటారు. సాఫ్ట్‌వేర్ నడిచేది క్యాంపస్ సర్వర్‌లోనో, క్లౌడ్‌లోనో. విద్యార్థి దగ్గరికి వచ్చేది దాని తెర మాత్రమే. ఇటు నుంచి మౌస్ కదలికలు, కీబోర్డు నొక్కులు వెళతాయి. సాలిడ్‌వర్క్స్, ఆర్క్‌జీఐఎస్ ప్రో వంటివి విండోస్ కోసమే తయారైనవి. మ్యాక్ కొనుక్కున్నవారికీ, పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చేవారికీ ఈ ఏర్పాటు అక్కరకొచ్చేది అక్కడే.

తెరను దూరానికి పంపడం పాత విద్యే. అమెరికాలోని ఎంఐటీలో 1984లో పుట్టిన ఎక్స్ విండో సిస్టమ్‌తో ఒక యంత్రంలో నడిచే ప్రోగ్రామును మరో యంత్రం తెర మీద చూడగలిగారు. 1998లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌తో రిమోట్ డెస్క్‌టాప్ ప్రొటోకాల్ (ఆర్‌డీపీ) వచ్చింది.

వర్చువల్ ల్యాబ్‌ను పద్ధతి ప్రకారం విద్యార్థులకు అందించినవాటిలో చెప్పుకోదగ్గది రాలీలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ 2004లో మొదలుపెట్టిన వీసీఎల్ (వర్చువల్ కంప్యూటింగ్ ల్యాబ్). విద్యార్థి బ్రౌజర్‌లో లాగిన్ అయి, తనకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉన్న ‘ఇమేజ్’ను ఎంచుకుని, సమయం బుక్ చేసుకుంటాడు. వ్యవస్థ ఆ ఇమేజ్‌ను ఖాళీగా ఉన్న యంత్రంలోకి ఎక్కించి అతనికి అప్పగిస్తుంది. గడువు తీరగానే ఆ యంత్రం ఇంకొకరిది. విద్యార్థులు వాడని వేళ అవే యంత్రాలను పరిశోధకుల భారీ లెక్కలకు మళ్లించడం ఇందులోని అసలు తెలివి. ఈ సాఫ్ట్‌వేర్ 2008లో ఓపెన్ సోర్స్ సంస్థ అపాచీ ఇంక్యుబేటర్‌లో చేరి, 2012లో పూర్తిస్థాయి అపాచీ ప్రాజెక్టు అయింది.

నిర్వాహకులకు తలనొప్పి తెచ్చేది టెక్నాలజీ కన్నా లైసెన్సు. చాలా ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లకు ‘ఫ్లోటింగ్ లైసెన్సు’ ఉంటుంది. 50 లైసెన్సులు కొంటే ఎంతమంది యంత్రాల్లోనైనా ఎక్కించుకోవచ్చు గానీ, ఒకే సమయంలో వాడగలిగేది 50 మందే. 51వ విద్యార్థి ఎవరో ఒకరు బయటికి వచ్చేదాకా ఆగాలి. ప్రాజెక్టు గడువుకు ముందురోజు రాత్రి ఈ లెక్క అందరికీ అర్థమవుతుంది. కొన్ని ఒప్పందాలు క్యాంపస్ బయట వాడకాన్నీ, దేశం దాటిన వాడకాన్నీ ఒప్పుకోవు. అలాంటప్పుడు సెలవులకు గుంటూరు వచ్చిన అమెరికా విద్యార్థికి నెట్ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు.

రెండో చిక్కు ఫైళ్లది. అనేక ఏర్పాట్లలో లాగౌట్ కాగానే యంత్రం తొలి స్థితికి వెళ్లిపోతుంది. డెస్క్‌టాప్ మీద దాచుకున్న డ్రాయింగు దానితోపాటే పోతుంది. అందుకే క్యాంపస్ నెట్‌వర్క్ డ్రైవునో, క్లౌడ్ నిల్వనో అనుసంధానించి అక్కడే సేవ్ చేయమంటారు. కొత్తగా చేరినవారికి మొదటి రోజే చెప్పవలసిన మాట ఇది.

గణాంకాల ప్యాకేజీ మామూలు నెట్ మీద కూడా హాయిగా నడుస్తుంది. త్రీడీ నమూనాను తిప్పేటప్పుడు మాత్రం సర్వర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, సంకేతం వెళ్లి రావడానికి పట్టే జాప్యం తక్కువ కావాలి. ఇక భద్రత సంగతి. ఆర్‌డీపీ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం హ్యాకర్లను పిలిచి కూర్చోబెట్టడమే. దాన్ని వీపీఎన్ లేదా గేట్‌వే వెనక ఉంచాలి. అపాచీ గ్వాకమోలీ లాంటి గేట్‌వేతో విద్యార్థి ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు, బ్రౌజర్ చాలు.

భారతదేశంలో ఐఐఐటీ హైదరాబాద్ వంటి సంస్థలు పాలుపంచుకున్న కేంద్ర ప్రభుత్వ ‘వర్చువల్ ల్యాబ్స్’ను దీనితో కలిపి చూడకూడదు. అవి ప్రయోగాల నమూనాలను నెట్‌లో చేయించేవి, సాఫ్ట్‌వేర్‌ను అరువిచ్చేవి కావు. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టుది మరో దారి. అది సైలాబ్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కాలేజీలకు అలవాటు చేస్తుంది. అలాంటిది సరిపోయే కోర్సులో విద్యార్థి దాన్ని తన ల్యాప్‌టాప్‌లోనే ఉచితంగా ఎక్కించుకుంటాడు. లైసెన్సులు లెక్కపెట్టే సర్వరూ అక్కర్లేదు, బుకింగూ అక్కర్లేదు.