ఇంటి తెరకు చీకటే పునాది

ఇంట్లో ఓ గదిని చిన్నపాటి సినిమా హాలుగా మార్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ ప్రొజెక్టర్ కొనాలి?’ అనే. దుకాణంలో వినిపించే మొదటి మాట కూడా వెలుగును కొలిచే లూమెన్ల గురించే. వెయ్యి, మూడు వేలు, ఐదు వేలు అంటూ అంకె పెరిగేకొద్దీ బొమ్మ బాగుంటుందని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నమ్ముతారు. కానీ తెర మీద బొమ్మ వేసే విద్య ఎక్కడ పుట్టి ఎలా ఎదిగిందో చూస్తే లెక్క తిరగబడుతుంది. ఈ విద్యలో ఆరితేరినవాళ్లు ముందు చీకటిని సంపాదించుకున్నారు, దానికి తగ్గ తెర ఎంచుకున్నారు, దీపం సంగతి ఆ తర్వాత చూసుకున్నారు. కారణం సూటిగానే ఉంది. ఏ ప్రొజెక్టరూ తెర మీద నలుపును వేయలేదు. బొమ్మలో నల్లగా కనిపించాల్సిన జుట్టు, కనుపాప, అమావాస్య ఆకాశం అన్నీ ప్రొజెక్టర్ వెలుగు వేయకుండా వదిలేసిన చోట్లే. అవి ఎంత నల్లగా కనిపిస్తాయన్నది ఎక్కువగా ఆ గదిలోంచి తెర మీద పడే మిగతా వెలుతురు మీదే ఆధారపడి ఉంటుంది.

మన తోలుబొమ్మలాటలోనే ఈ సూత్రమంతా ఉంది. పొద్దుగూకాక ఊరి బయలులో గుంజలు పాతి, ముందువైపు పల్చటి తెల్లబట్ట బిగించి కట్టి, వెనక ఆముదపు దీపాలు పెట్టి ఆడేవారు. శుభ్రం చేసి, పలచగా గీకి, రంగులద్దిన తోలు గుండా వెలుతురు వచ్చి బట్ట మీద పడుతుంది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే రావణుడి కిరీటంలో పొడిచిన చిల్లులు కూడా చుక్కచుక్కగా తెలుస్తాయి. జానెడు వెనక్కి తీస్తే అంచులు చెదిరి ఆకారం మసకబారుతుంది. బొమ్మకూ తెరకూ దీపానికీ మధ్య దూరాన్ని చేత్తో సరిచూసుకోవడం ఆటగాళ్లకు వంశపారంపర్యంగా వచ్చిన నేర్పు. ఇప్పటి ప్రొజెక్టర్లో ఫోకస్ తిప్పే పని దానికి దగ్గరి చుట్టమే. ఇక ఆ దీపాల వెలుతురు ఎంత? ఈనాటి చిన్న ఎల్ఈడీ బల్బు పాటి కూడా ఉండదు. అయినా ఊరంతా కూర్చుని తెల్లవార్లూ చూడగలిగిందంటే చుట్టూ ఉన్న రాత్రే దానికి హాలు కాబట్టి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈ కళ ఇప్పటికీ బతికి ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

యూరప్‌లో 1659 నాటికి డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గాజు పలక మీది బొమ్మను కటకం గుండా గోడ మీదికి పంపే మ్యాజిక్ లాంతరుకు రూపం ఇచ్చాడు. లోపల ఉన్నది నూనె దీపమో కొవ్వొత్తో. ఆ కొద్దిపాటి వెలుగుతోనే 1790లలో ఎతియెన్ గాస్పార్ రాబర్ట్‌సన్ పారిస్ జనాన్ని హడలగొట్టాడు. అతను పాత క్రైస్తవ మఠంలో దెయ్యాల ప్రదర్శన పెట్టి, గోడలకు నల్లబట్టలు వేలాడదీశాడు. లాంతరును తెర వెనక దాచాడు. అన్నిటికన్నా తెలివైన పని గాజు పలక మీద చేశాడు. దెయ్యం బొమ్మ చుట్టూ ఉన్న గాజునంతా నల్లరంగుతో పూసేశాడు. దాంతో బొమ్మ చుట్టూ వెలుగు చట్రం మాయమై, దెయ్యం గాలిలో తేలుతున్నట్టు కనిపించేది. దీపం బలాన్ని పెంచే దారి లేనప్పుడు చీకటిని పెంచి పని సాధించాడన్నమాట. మన దేశంలో 1892లో కల్యాణ్‌లో మహదేవ్ పట్వర్ధన్ ‘శాంబరిక్ ఖరోలికా’ పేరుతో లాంతరు ప్రదర్శనలు మొదలుపెట్టిన నాటికే ఈ సంప్రదాయం ప్రపంచమంతా పాకింది.

1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల చలనచిత్రాలు వేసినప్పుడు బొమ్మ కదిలింది గాని సూత్రం మారలేదు. మన పల్లెల్లో టూరింగ్ టాకీసుల మొదటి ఆట పొద్దుగూకాకే మొదలయ్యేది. డేరాలోకి చొరబడే ఎండను ఆపడం ఎవరి వల్లా కాదు మరి. పట్నాల్లో కట్టిన హాళ్లు గోడలకు ముదురు రంగులు వేశాయి, తలుపులకు మందపాటి తెరలు కట్టాయి, తెర చుట్టూ నల్లటి అంచు బిగించాయి. ఆ అంచు అందానికి పెట్టింది కాదు. పక్కన ఒట్టి నలుపు ఉంటే కన్ను బొమ్మలోని వెలుగును మరింతగా గుర్తిస్తుంది. తొలినాళ్లలో తెరకు లోహపు పూత పూసి బలహీనమైన దీపాన్ని ఆదుకున్నారు. దానికి ఒక ఇబ్బంది ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు బొమ్మ మెరుస్తుంది, పక్క కుర్చీలవాళ్లకు వెలవెలబోతుంది. టాకీలు వచ్చాక తెరకు సన్నటి రంధ్రాలు పొడిచి స్పీకర్లను వెనక పెట్టారు.

ఇళ్లలోకి ప్రొజెక్టర్ రావడం 1920లలోనే మొదలైంది. 1922లో ఫ్రాన్స్‌లో పాతే బేబీ, 1923లో అమెరికాలో కొడాక్ 16 ఎంఎం వచ్చాయి. అయితే ఇప్పటి హోమ్ థియేటర్‌కు అసలైన పూర్వీకుడు 1970ల ఆరంభంలో అమెరికాలో హెన్రీ క్లాస్ తెచ్చిన అడ్వెంట్ వీడియోబీమ్. మూడు పిక్చర్ ట్యూబుల వెలుగును ఏడడుగుల తెర మీద కలిపే యంత్రం అది. ఆ ట్యూబుల వెలుగు మామూలు తెల్లబట్ట మీద పడితే చాలదని క్లాస్‌కు తెలుసు. అందుకే యంత్రంతో పాటే వంపు తిరిగిన, లోహపు పూత ఉన్న తెరనూ రూపొందించి అమ్మాడు. తెరను విడిగా, చివర్లో కొనే వస్తువుగా అతను చూడలేదు. తర్వాత ఎల్‌సీడీ వచ్చింది. 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ తయారుచేసిన సూక్ష్మ దర్పణాల చిప్పు 1996లో డీఎల్‌పీ ప్రొజెక్టర్‌గా బజారుకొచ్చింది. వెలుగు కొరత తీరింది. అప్పుడు బయటపడిన లోపం నలుపు. తొలితరం డిజిటల్ ప్రొజెక్టర్లు వెలుగును పూర్తిగా ఆపలేక నల్లటి చోట్లను బూడిదరంగులో చూపించేవి. దానికి మందుగా 2000 ప్రాంతంలో తయారీదారులు బూడిదరంగు తెరలు తెచ్చారు. వెలుగు కరువైన రోజుల్లో తెరను మెరిపించినవాళ్లే, వెలుగు ఎక్కువైన రోజుల్లో తెరను ముదురు చేశారు. రెండుసార్లూ బొమ్మను సరిదిద్దింది తెరే.

‘ఇప్పుడు మూడు వేల లూమెన్ల ప్రొజెక్టర్లు దొరుకుతుంటే ఈ పాతకాలపు చాదస్తం ఎందుకు?’ అని అడగవచ్చు. లెక్క వేసి చూద్దాం. 100 అంగుళాల 16:9 తెర విస్తీర్ణం సుమారు 2.76 చదరపు మీటర్లు. దాని మీద 500 లూమెన్లు పడితే తెల్లటి చోట దాదాపు 180 లక్స్, అంటే చదరపు మీటరుకు 180 లూమెన్ల వెలుగుంటుంది. గది వెలుతురు తెర మీద ఒక్క లక్స్ మాత్రమే పడుతుంటే తెలుపు నలుపుల నిష్పత్తి 180 దాటుతుంది. అదే మూడు వేల లూమెన్లు వేసి, గదిలో దీపాలు వెలుగుతూ తెర మీద 100 లక్స్ పడితే నిష్పత్తి 12 దగ్గరే ఆగిపోతుంది. ఆరింతల యంత్రం చేయలేని పని రెండు మందపాటి కర్టెన్లు చేశాయి. పైగా హాళ్లలో పాటించే ప్రమాణం ప్రకారం చూసినా ఈ కొలత తెరకు చీకటి గదిలో 500 నికరమైన లూమెన్లు సరిపోతాయి. ‘నికరమైన’ అనడానికి కారణం ఉంది. చవక ప్రొజెక్టర్ల డబ్బాల మీద అచ్చువేసే అంకెల్లో చాలావాటికి ఆధారం ఉండదు. ఆన్సీ లేదా ఐఎస్ఓ పద్ధతిలో కొలిచిన అంకెనే నమ్మాలి.

పగటి వెలుతురులోనూ పనిచేసే ప్రత్యేక తెరలున్నాయి కదా అన్నది మరో అభ్యంతరం. ఉన్నాయి. ముఖ్యంగా గోడకు దగ్గరగా పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్లకు సరిపడే సన్నగాడుల తెరలు పైనుంచి పడే వెలుతురును బాగా తప్పిస్తాయి. హాల్లో తప్ప వేరే గది లేనివాళ్లకు అవి మంచి దారే. కానీ అవి ఖరీదైనవి, కొన్ని కోణాల్లో మసకగా కనిపిస్తాయి, ప్రొజెక్టర్‌ను ఫలానా చోటే పెట్టాలంటాయి. చీకటి చేయడానికి వీలున్న గదిలో మామూలు మ్యాట్ తెలుపు తెరే అన్ని కుర్చీలకూ సమానంగా న్యాయం చేస్తుంది. గోడకే సున్నం వేస్తే చాలదా అంటే, గార నున్నగా ఉండి మెరుపులేని తెల్లరంగు వేస్తే ఆరంభానికి చాలు. ఎదుటి గోడా పైకప్పూ మాత్రం తెల్లగా ఉండకూడదు. తెర మీంచి బయలుదేరిన వెలుగు వాటికి తగిలి మళ్లీ తెర మీదికే వచ్చి నలుపును పాడుచేస్తుంది. పెద్ద టీవీయే మేలు కదా అనేవాళ్ల మాటలోనూ నిజముంది. దీపాలు ఆర్పడం ఇష్టంలేని ఇంటికి టీవీయే సరైనది, అక్కడ ప్రొజెక్టర్ కొనడం డబ్బు వృథా.

ఇక కొలతలు. 100 అంగుళాల తెర వెడల్పు సుమారు ఏడుంపావు అడుగులు. దానికి పది నుంచి పదమూడున్నర అడుగుల దూరంలో కూర్చుంటే హాల్లో చూసిన తృప్తి ఉంటుంది. పన్నెండడుగుల గదికి అంతకు మించిన తెర అక్కర్లేదు. మన సినిమాల్లో ఎక్కువ భాగం 16:9 కన్నా వెడల్పైన సినిమాస్కోప్‌లోనే ఉంటాయి. తెలుగులో ఆ ఒరవడి 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో మొదలైంది. ఆ సినిమాలను 16:9 తెర మీద వేస్తే పైనా కిందా అరడుగు చొప్పున ఖాళీ పట్టీలు మిగులుతాయి. గది చీకటిగా లేకపోతే ముందు కంటికి కొట్టేవి ఆ బూడిదరంగు పట్టీలే. కనుక ప్రొజెక్టర్ ధరలు విచారించే ముందు ఒక మధ్యాహ్నం ఆ గది తలుపులు, కిటికీలు మూసి లోపల కాసేపు కూర్చోండి. వెంటిలేటర్లోంచి, ఏసీ పైపు కన్నంలోంచి, తలుపు కిందినుంచి వెలుతురు ఎక్కడెక్కడ వస్తోందో గుర్తు పెట్టుకోండి. వడ్రంగినీ రంగులవాళ్లనూ పిలిచి ముందు వాటిని మూయించి, గోడలకు ముదురు మ్యాట్ రంగు వేయించండి. తెర కొలత తేల్చుకోండి. ప్రొజెక్టర్ కొనడానికి ఆ తర్వాతే బయలుదేరండి.