చేప మందు, క్లోరోఫామ్... ఒకే ఊరి కథలు

మృగశిర కార్తె వచ్చిందంటే చాలు, చేప మందు మీద టీవీల్లో చర్చలు మొదలు. "సైన్సు తెల్లోడిది, మన మందులు దానికేం అర్థమవుతాయి?" అనే మాట మా పిట్లంలోనూ వింటాను, ఆఫీసు క్యాంటీన్లోనూ వింటాను. నా మట్టుకు నాకు ఈ వాదన అస్సలు నచ్చదు.

బత్తిన కుటుంబం చెప్పేదాని ప్రకారం, 1845లో ఒక సాధువు పాతబస్తీలోని వీరన్న గౌడ్‌కి ఈ మందు గుట్టు చెప్పాడట. డబ్బు తీసుకోవద్దని షరతు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగిస్తారు. మూడేళ్ళు వరసగా తీసుకోవాలి, 45 రోజులు పథ్యం. ఉచితంగానే ఇస్తారు, అక్కడ నాకే అనుమానమూ లేదు.

అదే ఊళ్ళో 1888లో ఇంకో కథ నడిచింది. అప్పట్లో క్లోరోఫామ్ మత్తులోనే కొందరు ఆపరేషన్ బల్ల మీద చనిపోయేవారు. ముందు ఆగేది గుండా, ఊపిరా అని డాక్టర్ల మధ్య పెద్ద గొడవ. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నిజాం ఖర్చుతో కుక్కల మీద ప్రయోగాలు చేసి "ఊపిరే" అన్నాడు. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. సరే, మీ మనిషినే పంపండి అని 1889లో నిజాం ప్రభుత్వమే డబ్బిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని రప్పించింది. వందల జంతువుల మీద మళ్ళీ చేశారు. మళ్ళీ అదే జవాబు: ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు.

తీరా చూస్తే అది తప్పు! మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు.

అంటే "ఇంగ్లీషు మందు"ని కూడా ఎవరూ ఊరికే వదిలిపెట్టలేదు. ఏం చేశారో, ఏం చూశారో అచ్చేశారు కాబట్టి తప్పు ఇంకొకడికి దొరికింది. చేప మందుకి సోర్స్ చూపించరు, టెస్ట్ కేసులుండవు, లాగ్స్ ఉండవు. బగ్ ఉన్నా లేకపోయినా పట్టుకునేదెలా?

"నాకు తగ్గింది కద బిడ్డా, ఇంకేం గావాలె?" అంటాడు మా చిన్నాయన. ఆస్తమా పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. బాగా ఇబ్బంది పెట్టినప్పుడే మనం మందుకి బయల్దేరతాం, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. మందు వల్లనేనా అని తెలియాలంటే చీటీలేసి సగం మందికి మందు, సగం మందికి ఉత్త ముద్ద ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియకుండా లెక్క చూడాలి.

అన్నట్టు, నాటు మందుల్ని సైన్సు పట్టించుకోదన్నది కూడా నిజం కాదు. సర్పగంధ ఉంది కదా! బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగులకిచ్చి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఫలితాలు రాశాడు. 1952లో ఆ వేరు నుంచే రిసర్పిన్ తీశారు, ప్రపంచమంతా వాడింది. తర్వాత దుష్ఫలితాలు బయటపడి, ఇంకా మంచి మందులొచ్చి వెనకబడిందనుకోండి. ఆ సంగతీ లెక్కలు చూసే తేల్చారు.

జనవిజ్ఞాన వేదిక లాంటి వాళ్ళు గట్టిగా అడగడం మొదలెట్టాక చేప మందు పేరు "చేప ప్రసాదం" అయింది. ప్రసాదానికి ఆధారాలు ఎవరడుగుతారు :) కానీ జూన్ ఎండలో పిల్లల్ని చంకనేసుకుని గంటల తరబడి లైన్లో నిలబడేవాళ్ళు మాత్రం దాన్ని మందనే అనుకుంటారు. కొందరు ఇంటికెళ్ళి ఇన్‌హేలర్ పక్కన పడేస్తారు. మా చిన్నాయన అదే చేశాడు, రెండు నెలలకి అర్ధరాత్రి ఆటోలో బాన్సువాడ ఆసుపత్రికి పరిగెత్తాం.